క్రొత్త దేశపు బాట, క్రొత్త నడత

పఠన భాగములు: సంఖ్యాకాండము 20:14–21, ద్వితీయోపదేశకాండము 22:8, యిర్మీయా 29:1–7

పాఠపు సారాంశము: ఎరుగని దేశములో బండి తోలువాడు మొట్టమొదట అదుపులో ఉంచుకొనవలసినది తన పాత అలవాటును.



మన పల్లె సంఘములలో అనేక కుటుంబములవారికి పరదేశమందు ఒక బిడ్డ ఉన్నాడు. గోదావరి జిల్లాల నుండియు, కడప ప్రాంతము నుండియు ఎందరో కువైటు మొదలగు గల్ఫు దేశములకు ఇంటి డ్రైవర్లుగను, లారీ డ్రైవర్లుగను పోవుచున్నారు. మరికొందరి బిడ్డలు చదువు నిమిత్తమై అమెరికా చేరి అక్కడ కారు తోలుచున్నారు. విమానము దిగితిమన్న కబురు రాగానే మనము దేవునికి స్తోత్రము చెప్పి నిశ్చింతగా ఉందుము. గాని వారు ప్రతి ఉదయము ఎక్కు బాట మనకు తెలియని బాట. ఆ బాటమీద వారి ప్రాణమును, పరుల ప్రాణమును వారి చేతిలోనే ఉన్నవి. కాబట్టి ఈ నెల పాఠములో ఈ సంగతిని కొంచెము నిదానముగా ఆలోచింతము.

1. పరాయి పొలిమేర యొద్ద మర్యాద

ఇశ్రాయేలీయులు కాదేషులో ఉండగా మోషే ఎదోము రాజునొద్దకు దూతలను పంపి, ఆ దేశము మీదుగా పోవుటకు సెలవు అడిగెను. పొలములు తొక్కము, ద్రాక్షతోటలలో ప్రవేశింపము, రాజమార్గమును విడిచి కుడికిగాని ఎడమకుగాని తిరుగము, నీళ్లు త్రాగినయెడల వెల ఇచ్చెదము అని మాట ఇచ్చిరి. ఎదోము ఒప్పుకొనలేదు. వారు బలవంతముగా చొరబడక మరియొక త్రోవను పోయిరి. అరణ్యములో నలిగిన జనమైనను, పరాయి నేలమీద ఆ నేలవారి కట్టడ చెల్లునని వారికి తెలిసియుండెను.

మన దేశములో వాహనము ఎడమ ప్రక్కన పోవును. ఇంగ్లండు, శ్రీలంక, ఆస్ట్రేలియా, జపాను దేశములలోను అంతే. గల్ఫు దేశములన్నిటిలోను, అమెరికాలోను కుడి ప్రక్కన పోవును. ఈ రెంటిలో ఒకటి పుణ్యము, ఒకటి పాపము కాదు. ఒక బాటమీద నున్నవారందరు ఒకే ప్రక్కను పట్టుటలోనే అందరి ప్రాణములకు కాపుదల కలదు.

ఇక్కడ పదునైదేండ్లు లారీ తోలిన మనిషిని కూడ అనేక దేశములలో మరల పరీక్షకు కూర్చుండబెట్టుదురు. నిన్న మొన్న నేర్చుకొన్న కుర్రవాని ప్రక్కన కూర్చుండుట కొందరికి చిన్నతనముగా తోచును. అయితే ఆ పరీక్ష ఎదుటివాని ప్రాణము కొరకని తలంచినయెడల దానిలో అవమానమేమియు లేదు. బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా వ్రాసిన పత్రికను చూడుడి. ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుడని, తామున్న పట్టణపు క్షేమమును కోరుడని అందులో కలదు. ఆ పట్టణపు క్షేమములోనే వారి క్షేమమును ఉండెను. డ్రైవరుకు పట్టణపు క్షేమమనగా మొదట దాని వీధుల క్షేమమే.

2. చేతులకును కండ్లకును పట్టిన అలవాటు

తల నేర్చుకొన్నంత త్వరగా చేయి నేర్చుకొనదు. గల్ఫు దేశపు కారులో స్టీరింగు ఎడమ ప్రక్కన ఉండును. గేరు కర్ర కుడిచేతి క్రిందికి వచ్చును. క్రొత్తవాడు గేరు మార్చబోయి ఎడమచేతితో తలుపును తాకును. తిరుగుడు దీపము వేయబోయి అద్దము తుడుచు పుల్లలను ఆడించును. ఏలయనగా ఆ రెండు మీటలును మన కార్లలో ఉన్న ప్రక్కకు ఎదురు ప్రక్కన ఉండును. కాలిక్రింద మాత్రము మార్పు లేదు. బ్రేకునకు కుడివైపుననే యాక్సిలరేటరు ఉండును. అక్కడి కార్లలో అనేకము తమంతట తామే గేరు మార్చుకొనునవి గనుక క్లచ్చి ఉండదు. క్లచ్చి కొరకు వెదకు ఎడమకాలు బ్రేకును గట్టిగా త్రొక్కినయెడల వెనుకవాడు వచ్చి గుద్దును. కావున ఎడమకాలిని వెనుకకు పెట్టి కదలనీయకుండుట మొదటి పాఠము.

చేతికంటె కండ్ల అలవాటు అపాయకరమైనది. మన దేశములో బాట దాటువాడు మొదట కుడి ప్రక్కకు చూచును, ఏలయనగా దగ్గరి వాహనము అటునుండి వచ్చును. కుడి ప్రక్కన నడచు దేశములో అది ఎడమనుండి వచ్చును. తరువాతి కాలమున ఇంగ్లండు ప్రధానమంత్రియైన విన్‌స్టన్ చర్చిల్ 1931 డిశంబరు 13వ తేదీ రాత్రి న్యూయార్కు నగరములో ఐదవ అవెన్యూ అను వీధిని దాటుచు, తన దేశపు అలవాటు చొప్పున చూడవలసిన ప్రక్కను చూడక, కారు క్రింద పడి ఆస్పత్రి పాలాయెను. తప్పు తనదేయని ఆయన ఒప్పుకొని, డ్రైవరుమీద నేరము మోపలేదు. అమెరికాకు అది ఆయన మొదటి రాకడ కూడ కాదు. లోకము తిరిగినవానికే అట్లయినప్పుడు, మొదటి సారి ఊరు విడిచిన మన బిడ్డ ఎంత మెలకువగా ఉండవలెను!

3. మొదటి భయము పోయిన పిమ్మట

స్వీడను దేశములో ఒకప్పుడు ఎడమ ప్రక్కన నడచు వాడుక ఉండెను. చుట్టునున్న నార్వే, డెన్మార్కు, ఫిన్లాండు దేశములలో కుడి వాడుక. 1955లో ప్రజలను అడుగగా అత్యధికులు మార్పు వలదనిరి. అయినను ప్రభుత్వము 1963లో మార్పు చేయ నిశ్చయించెను. 1967 సెప్టెంబరు 3వ తేదీ ఆదివారము తెల్లవారుజామున 5 గంటలకు దేశమంతయు ఎడమనుండి కుడికి మారెను. ఆ గడియకు ముందు బాటమీద నున్న వాహనములు ఆగి, మెల్లగా ప్రక్క మారి, మరల నిలిచి, 5 గంటలు కాగానే కదలెను.

గొప్ప నాశనము జరుగునని పలువురు భయపడిరి. జరిగినది వేరు. కొంతకాలము ప్రమాదములు తగ్గెను! ప్రతివాడును భయముతో, నిదానముగా, చుట్టు చూచుకొనుచు తోలెను. అయితే క్రొత్తదనము పోయి ధైర్యము రాగానే, రెండు మూడు ఏండ్లలో ప్రమాదముల లెక్క మరల మునుపటి మట్టమునకు చేరెను.

ఈ సంగతి మన బిడ్డలకు జాగ్రత్తగా చెప్పవలెను. మొదటి వారములో వాడు భయపడును గనుక భయమే వానిని కాపాడును. నేను నేర్చుకొంటినని అనుకొన్న నెలలో అపాయము పొంచియుండును. నిలిచియున్నానను ధీమా గలవానికి పౌలు చేసిన హెచ్చరిక ఇక్కడ కూడ చెల్లును. పాత అలవాటు తిరిగి వచ్చు సమయములు కొన్ని కలవు: తెల్లవారుజామున ఖాళీ బాటమీదికి వచ్చినప్పుడు, పెట్రోలు బంకు నుండి బయటికి తిరిగినప్పుడు, బండిని వెనుకకు మళ్లించుకొన్నప్పుడు, మనస్సు ఇంటి బాధలమీద నున్నప్పుడు. ఎదుట వేరొక వాహనము ఉన్నయెడల దానిని చూచి ప్రక్క తెలిసికొందుము. ఎవరును లేనప్పుడే చేయి పాత ప్రక్కకు లాగును. అట్టి ప్రతి చోట ఒక్క క్షణము ఆగి, "ఇక్కడ ఏ ప్రక్క?" అని తన్ను తాను ప్రశ్నించుకొనుట మంచిది.

4. ఒకే సంజ్ఞ, వేరు వేరు అర్థములు

బాట మీద ఒకరినొకరు ఎరుగనివారు దీపములతోను, హారనుతోను మాటలాడుకొందురు. ఆ మాట దేశమునుబట్టి మారును. మన ఊరి మలుపులో హారను కొట్టుట మర్యాద. వచ్చుచున్నాను, జాగ్రత్త అని దాని అర్థము. అమెరికాలో అదే హారను తిట్టువలె వినబడును. మన వైపు ఎదుటివాడు దీపము మినుకు మినుకుమనిపించినయెడల, నేను ముందు పోయెదను, నీవు ఆగుము అని సాధారణముగా తలంతుము. ఇంగ్లండులో పలువురు దానిని, నీవు ముందు రమ్ము అను భావముతో వాడుదురు. ఇట్టి చోట ఊహమీద ఆధారపడక, ఎదుటి వాహనము నిజముగా ఆగినదో లేదో కండ్లతో చూచుకొనవలెను. గల్ఫు దేశముల పెద్ద బాటలలో ఎడమ చివరి వరుస ముందున్నవారిని దాటిపోవుటకై ఉన్నది. అక్కడ వెనుకవాడు దీపము మినుకుమనిపించుట దారి అడుగుటయే. కోపగించుకొనక, వీలు చూచి కుడి వరుసకు తప్పుకొనవలెను.

మన నియమము చొప్పున సిగ్నలు లేని కూడలిలో కుడివైపునుండి వచ్చువానికి దారి ఇయ్యవలెను. గల్ఫులోని గుండ్రని కూడలులలో, అప్పటికే వలయములో తిరుగుచు ఎడమనుండి వచ్చువానికి దారి ఇయ్యవలెను. అమెరికాలో ఎనిమిది మూలలు గల ఎర్రని పలక ఉన్న చోట, ఎదుట పురుగైనను లేకున్నను చక్రములు పూర్తిగా నిలువవలెను. నాలుగు ప్రక్కల ఆ పలకయే ఉన్నయెడల మొదట వచ్చినవాడు మొదట పోవును. ఇద్దరు కలిసి వచ్చినయెడల కుడి ప్రక్కనున్నవాడు ముందు. బడి పిల్లల బస్సు ఆగి ఎర్ర దీపములు వెలిగించినప్పుడు వెనుకవారే గాక ఎదురుగా వచ్చువారును ఆగవలెను. నడుమ కట్ట ఉన్న బాటలలో ఎదుటివారికి పలు రాష్ట్రములు మినహాయింపు ఇచ్చినవి.

యెజ్రెయేలు గోపురముమీద నున్న కావలివాడు, దూరమునుండి వచ్చు రథపు వేగమును చూచియే వచ్చువాడు యెహూ అని గుర్తుపట్టెను. మనుష్యుని ముఖము కనబడక ముందే అతని తోలు తీరు కనబడును. మన ఊరివారిని గూర్చియు పరదేశులు ఆ తీరును బట్టియే తలంతురు.

5. సెలవుమీద ఇంటికి వచ్చినప్పుడు

మరచిపోవు సంగతి ఇంకొకటి ఉన్నది. కుడి ప్రక్కకు అలవాటుపడిన బిడ్డ రెండేండ్లకు ఇంటికి వచ్చి, మరునాడే బండి తీయును. అక్కడ ఆరు వరుసల బాట. ఇక్కడ ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క చేను, నడుమ ఇరుకు గట్టు. బాట మీద ధాన్యము ఆరబోసియుండును. గేదెల మంద ఎదురగును. వెనుక దీపము లేని ట్రాక్టరు చీకటిలో నిలిచియుండును. మన దేశములో 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క. దినమునకు 460కి పైగా ప్రాణములు! కావున ప్రయాణపు బడలిక తీరువరకు ఒకటి రెండు దినములు వేరొకరి ప్రక్కన కూర్చుండి చూచుట మేలు.

ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రములో ఉన్నది. ఎవడైనను పడినయెడల ఆ రక్తపు దోషము ఇంటివానిదగును. కీడు చేయ తలంపు లేకపోవుట చాలదు. కీడు జరుగకుండ ముందుగా అడ్డు కట్టవలెను. బాటమీద మన నిదానమే మన పిట్టగోడ. బాటపై ధాన్యము ఆరబోయు మనము, దీపము లేని ట్రాక్టరు నడుపు మనము కూడ ఈ ఆజ్ఞను మన ఎదుట పెట్టుకొనవలెను.

6. ఇంటివారు చేయదగినది

కువైటు గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక నడచును. మనకు ఉదయము తొమ్మిదిన్నర అయినప్పుడు అక్కడ ఏడు గంటలు. అది యజమానుని పిల్లలను బడికి దింపు వేళ. ఆ వేళ అమ్మ ఫోను చేసినయెడల కొడుకు ఎత్తకుండ ఉండలేడు. అప్పు గుర్తు చేసినయెడల వాని మనస్సు బాటమీద నిలువదు. "బండిమీద ఉన్నావా నాయనా?" అని మొదట అడిగి, అవునన్నయెడల వెంటనే పెట్టివేయుట తల్లిదండ్రుల ప్రేమకు గురుతు. త్వరగా పొమ్మని తొందరపెట్టు యజమానునికి కూడ వినయముతో, క్షేమముగా చేర్చెదనయ్యా అని చెప్పుటకు బిడ్డకు ధైర్యము ఇయ్యుడి.

ఇదివరకే వెళ్లివచ్చినవారు మన సంఘములలో ఉన్నారు. క్రొత్తగా బయలుదేరు యౌవనుని వారియొద్ద ఒక సాయంకాలము కూర్చుండబెట్టినయెడల, నెలల తరబడి పట్టు పాఠము ముందుగానే అందును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఎదోము పొలిమేరయొద్ద ఇశ్రాయేలీయులు చూపిన మర్యాదలో మనము నేర్చుకొనదగినది ఏమి?

2. మొదటి భయముకంటె తరువాతి ధీమా ఏల అపాయకరము?

3. మన గ్రామపు బాటలో పిట్టగోడ లేని మిద్దెవంటి చోటు ఏది? దానిని గూర్చి ఈ నెలలో మనము ఏమి చేయగలము?

4. పరదేశములో బండి తోలుచున్న మన సంఘపు బిడ్డలు ఎవరెవరు? వారి పేర్లు వ్రాసికొని, ఆదివారపు ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనుడి. వారి బాటమీద ఎదురగు ఎరుగని జనుల కొరకును ప్రార్థించుడి.