ఎండపొడలో పాత లోగిళ్ళు

ప్రయాణంలో చూసిన దృశ్యాన్ని ఛాయాచిత్రంగా పదిలపరచుకోవడం క్షణంలో పని. అదే దృశ్యాన్ని నీటిరంగులలో చిత్రించాలంటే కనీసం ఒక గంటసేపు దాని ఎదుట కూర్చోవాలి. ఆ గంటలో కన్ను గ్రహించేది వేరు. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల పాతవీధులలో కుంచె పట్టి తిరిగిన నాకు ఈ భేదం కొంత ఆలస్యంగానే తెలిసివచ్చింది.

విజయనగరం కోట నిర్మాణం 1713లో ప్రారంభమయింది. ఆ పట్టణంలో మహాకవి గురజాడ అప్పారావు (1862-1915) నివసించిన ఇల్లు నేటికీ స్మారకంగా నిలిచి ఉంది. ప్రసిద్ధుల గృహాలను రక్షించేవారుంటారు. పేరులేని పెంకుటిళ్ళ మాట వేరు. ఎత్తైన వీధి అరుగులు, చేతులు తగిలి నునుపెక్కిన కొయ్యస్తంభాలు, లోపల మండువా, నాటుపెంకు కప్పిన వాలు చూరు. ఇవన్నీ ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నాయి.

నీటిరంగుల స్వభావం విచిత్రమైనది. తైలవర్ణాలలో వలె తెల్లరంగును పైన అద్ది వెలుగును చూపడం ఇందులో సంప్రదాయం కాదు. ఎండ తగిలిన సున్నపుగోడను చూపాలంటే ఆ మేర కాగితాన్ని తాకకుండా వదలివేయాలి. చుట్టూ నీడలు పరచుకోగానే వదలిన తెలుపే వెలుగై ప్రకాశిస్తుంది. అంటే చిత్రకారుడు వేసేది ఎండను కాదు, నీడను. ఆ నీడ నల్లనిదని భ్రమపడరాదు. తెల్లగోడ మీది నీడ ఆకాశపు కాంతిని గ్రహించి నీలిమ దాలుస్తుంది. చూరు అడుగున మాత్రం నేల నుండి ఎగసిన వెలుతురు వల్ల పసుపు ఛాయ కనబడుతుంది. నల్లరంగు కలిపితే గోడ మసిబారినట్లుంటుంది.

అరసవల్లి సూర్యనారాయణస్వామి వెలసిన సీమలో ఎండకు కొదవ లేదు. కాని నడిమధ్యాహ్నపుటెండలో నీడలు కురచబడి గోడలు చదునుగా తోస్తాయి. ఉదయం, సాయంత్రం అనుకూల సమయాలు. నీడ కదలిపోతుంది కనుక దాని అంచును ముందే పెన్సిలుతో గీసుకోవాలి. వేసవిలో పూత పరచకముందే ఆరిపోతుంది. వానకారులో ఎంతకూ ఆరదు. ఆరని పూతపై మరొక రంగు వేసి నేను పాడుచేసిన కాగితాలకు లెక్కలేదు.

1873-75 సంవత్సరాలలో భారతదేశంలో పర్యటించిన ఆంగ్ల చిత్రకారుడు ఎడ్వర్డ్ లియర్ తన పెన్సిలు చిత్రాల మీదనే రంగుల పేర్లను రాసుకొని, తీరిక వేళ రంగులు నింపేవాడు. 1921లో శ్రీకాకుళంలో జన్మించిన వడ్డాది పాపయ్య నీటిరంగుల సొగసును చందమామ ముఖచిత్రాల ద్వారా తెలుగువారి ఇంటింటికీ చేర్చారు. నేను ఆ సొగసునే కోరుకున్నాను; లియర్ జాగ్రత్తను అలవరచుకోలేదు.

నాగావళి ఒడ్డుకు సమీపంలో ఒక ఇంటిని చిత్రిస్తున్నప్పుడు ఆ ఇంటి ముసలమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి, బొమ్మలోకి తొంగిచూసింది. “ఏటి నాయనా, స్తంభానికున్న ఇనపపట్టీ ఎయ్యనేదేటి?” అని అడిగింది. ఒకప్పటి గాలివానకు చీలిన స్తంభానికి ఆమె మామగారు వేయించిన తుప్పుపట్టీ అది. బొమ్మకు అందం రాదని వదలివేశాను. కాగితంపై తెలుపును వదలినంత సులువుగా దానినీ వదలివేశాను.

కొన్నేళ్ళకు మళ్ళీ వెళ్ళేసరికి ఆ స్థలంలో నాలుగంతస్తుల భవనం ఉంది. రెండవ అంతస్తులో ఉన్న ఆమెకు నా చిత్రాన్ని చూపాను. చూరును, అరుగును, గుమ్మాన్ని వేలితో తడుముతూ వచ్చి ఆమె వేలు ఆ స్తంభం దగ్గర ఆగింది. ఏమీ అనలేదు. నేను రంగుల పెట్టె తెరిచి, గోధుమరంగు కలిపి కుంచె ఎత్తాను. ఆ పట్టీ ఎంత ఎత్తులో ఉండేదో నాకు గుర్తురాలేదు.

ఆమె లేచి నిలబడి, తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపింది.