టీచింగ్ అసిస్టెంట్ పదవికి రెజ్యూమె రచన

శ్రీనాథ మహాకవి కాశీఖండం అవతారికలో, బాల్యం మొదలుకొని ప్రౌఢ వయస్సు వరకు ఏ ప్రాయంలో ఏ కావ్యాన్ని రచించాడో వరుసగా పేర్కొన్నాడు. మనిషి యోగ్యతకు అతడు చేసిన పనులే సాక్ష్యం. నేటి ఉద్యోగార్థి సమర్పించే రెజ్యూమెకు కూడా ఇదే ప్రాణం. అయితే ఇందులో క్రమం తారుమారవుతుంది. ఇటీవలి విషయాలు ముందు, పాతవి తరువాత వస్తాయి.

పదవి స్వరూపం

అమెరికాలో ఉన్నత విద్య అభ్యసించే తెలుగు విద్యార్థులు పలువురు విశ్వవిద్యాలయంలోనే టీచింగ్ అసిస్టెంట్ పదవిని ఆశిస్తారు. సమాధాన పత్రాలు దిద్దడం, ప్రయోగశాలలో మార్గదర్శనం చేయడం, సందేహాలు తీర్చడం ఇందులోని ప్రధాన విధులు. ఎఫ్-1 వీసా గలవారు తరగతులు జరిగే కాలంలో ప్రాంగణంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు. అనేక విశ్వవిద్యాలయాలు ఈ పదవికి వేతనంతోపాటు ఫీజులో పూర్తి లేదా పాక్షిక మినహాయింపు ఇస్తాయి. పొలం తాకట్టు పెట్టి బిడ్డను చదివించే కుటుంబానికి ఇది గొప్ప ఊరట.

రెజ్యూమెలోని అంశాలు

పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఈ-మెయిల్ మొదట ఉండాలి. తరువాత విద్యార్హతలు, బోధనానుభవం, బోధించదలచిన అంశానికి సంబంధించిన కోర్సులు, భాషా సాంకేతిక నైపుణ్యాలు రావాలి. విద్యార్థి దశలో ఉన్నవారికి సాధారణంగా ఒక పుట చాలు.

మన బయోడేటాలో కనిపించే తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, వివాహ వివరాలు, ఛాయాచిత్రం అమెరికా రెజ్యూమెలో చేర్చరు. ఎంపికలో వివక్షకు తావు ఉండరాదన్నది ఇందులోని ఉద్దేశం.

అనుభవాన్ని తెలిపే విధానం

డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఇరుగుపొరుగు పిల్లలకు లెక్కలు చెప్పిన విద్యార్థిని, అది ఉద్యోగం కాదని భావించి రెజ్యూమెలో విడిచిపెడుతుంది. దానికి బదులు తన గుణాలను వర్ణించుకుంటుంది. ఈ రెండు వాక్యాలను పోల్చి చూడండి.

(అ) బోధనలో విశేషమైన ఆసక్తి, ఓర్పు కలవు.

(ఆ) 10వ తరగతి విద్యార్థులు ఆరుగురికి రెండేళ్లపాటు, వారానికి 4 రోజులు గణితం బోధించాను. ప్రతి శనివారం పరీక్ష పెట్టి, తప్పులను విడివిడిగా వివరించాను.

మొదటి వాక్యాన్ని ఎవరైనా రాయగలరు. రెండవది ఆ పని చేసినవారు మాత్రమే రాయగలరు. అందులో ఓర్పు అనే మాట లేకపోయినా ఓర్పు కనబడుతుంది. ఎవరికి, ఏమి, ఎంతకాలం, ఎలా బోధించారో తెలిపితే ఎంపిక చేసే ఆచార్యునికి అభ్యర్థి సామర్థ్యం బోధపడుతుంది.

అతిశయోక్తి కావ్యానికి అలంకారం, రెజ్యూమెకు దోషం. రాని విషయాన్ని వచ్చునని రాసినవారిని ఆచార్యుడు గుర్తించకపోయినా, తరగతిలోని విద్యార్థులు మొదటి వారంలోనే గుర్తిస్తారు. ఉన్న అనుభవం చిన్నదైనా దానిని స్పష్టంగా, సత్యంగా నివేదించడమే ఉత్తమ మార్గం.

కఠిన పదాలు – అర్థాలు

అవతారిక = కావ్య ప్రారంభ భాగం
ప్రాయం = వయస్సు
వివక్ష = భేదభావం

అభ్యాసం

1. అమెరికా రెజ్యూమెలో చేర్చని అంశాలేవి? ఎందుకు?
2. (అ), (ఆ) వాక్యాల భేదాన్ని వివరించండి.
3. మీరు ఎవరికైనా ఏదైనా నేర్పిన అనుభవాన్ని రెజ్యూమెకు తగినట్లు రెండు వాక్యాలలో రాయండి.