ధర కంటే ముందు గుడ్డని చూడు

చిరంజీవి చిట్టికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

మొదటి జీతంలో సగం మాల్‌లో బట్టలకే అయిపోయిందనీ, తీరా వేసుకుని ఆఫీసుకి వెళ్తే అదే కుర్తా ఇంకో ఇద్దరమ్మాయిల ఒంటి మీద కనిపించిందనీ మీ అమ్మతో చెప్పుకుని బాధపడ్డావట. అందులో నీ తప్పేం లేదమ్మా. ఒకే డిజైన్‌ని వేల సంఖ్యలో కుట్టి ఊరూరా పంపే చోట కొంటే అలాగే జరుగుతుంది. నువ్వుంటున్నది బెజవాడలో. కొద్దిపాటి డబ్బుతో, ఇంకెవరి దగ్గరా లేని బట్ట వేసుకోవాలనుకునే పిల్లకి అంతకంటే మంచి ఊరు మన చుట్టుపక్కల లేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు రెడీమేడ్ సంగతి. ఆఫీసు పనుల మధ్య అన్నీ కుట్టించుకునే తీరిక ఉండదు, నాకు తెలుసు. బీసెంట్ రోడ్డుకే వెళ్ళు, కానీ సాయంత్రం రద్దీలో వద్దు. పొద్దున కొట్లు తెరిచిన కాసేపటికి వెళితే పగటి వెలుతురులో అసలు రంగు తెలుస్తుంది. ట్యూబులైటు కింద నలుపనుకున్నది బయటికొచ్చాక ముదురు నీలం కావచ్చు. నచ్చినదాన్ని ధర అడగకముందే తిరగేసి లోపలి కుట్టు చూడు. కుట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయా, అంచులు ఓవర్‌లాక్ చేశారా, పక్క కుట్ల దగ్గర వదిలిపెట్టిన గుడ్డ ఏమైనా ఉందా? గళ్ళ గుడ్డయితే పక్క కుట్టు దగ్గర గీత గీతకి కలిసిందో లేదో చూడు. కలిపి కుట్టాలంటే గుడ్డ కొంత వృథా అవుతుంది కాబట్టి పీనాసిగా కుట్టినవాళ్ళు ఆ పని చెయ్యరు. చేతిరుమాలు మూల తడిపి లోపలివైపు రుద్దితే రంగు పోయేదో కాదో అక్కడే తేలుతుంది.

వేసి చూసుకున్నప్పుడు భుజం దగ్గర గట్టిగా ఉండు. నడుము వదులైతే బిగుతు చేయించుకోవచ్చు, పొడవెక్కువైతే మడత వేయించుకోవచ్చు. భుజం కుట్టు నీ భుజం చివర ఆగకుండా చేతి మీదికి జారితే మాత్రం ఎంత చవకైనా వదిలెయ్. అది సరిచెయ్యాలంటే చేతులూ మెడా విప్పదీయాలి, ఆ కూలితో ఇంకోటి వస్తుంది. ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ అని అమ్మేవాటిలో మంచివి నిజంగానే ఉంటాయి. విదేశీ ఆర్డర్‌కి కుట్టి మిగిలిపోయినవీ, చిన్న లోపంతో వాళ్ళు వద్దన్నవీ అలా బజారుకి వస్తాయి. లోపం ఎక్కడుందో వెతికి కొను. గుండీ ఊడితే పర్వాలేదు, నేతలో పోగు తెగితే అది ఉతికేకొద్దీ పెరుగుతుంది.

ఇక నాకు ఇష్టమైన విషయం, కట్ పీసులు. వన్ టౌన్‌లో వస్త్రలత, దాని చుట్టుపక్కల సందులు ఒకసారి ఓపిగ్గా తిరుగు. చాలా కొట్లు హోల్‌సేల్‌వి, తాను మొత్తం తీసుకుంటే గానీ ఇవ్వరు. అక్కడ మొహమాటపడకుండా “కట్ పీసులు ఉన్నాయా అండీ?” అని అడుగు. తాను చివర మిగిలిన రెండు మూడు మీటర్ల ముక్కని ఇంకే కొట్టూ తీసుకోదు, అందుకే దాని ధర తగ్గుతుంది. ఆ రంగులో, ఆ అచ్చులో ఇంకో ముక్క దొరకడం కష్టం. నువ్వు కోరుకున్న ప్రత్యేకత అక్కడే ఉంది, అది కూడా తక్కువ ధరకి. గుర్తుపెట్టుకో: 44 అంగుళాల పన్నా అయితే మోకాలి దాకా వచ్చే కుర్తాకి రెండున్నర మీటర్లు చాలు. కొలిచేటప్పుడు పక్కనే నిలబడు. ముక్కని పూర్తిగా విప్పించి వెలుతురుకి పట్టి మరకలూ చిల్లులూ చూడు. కాటన్ అని చెప్పింది కాటనో కాదో అనుమానమొస్తే అంచు నుంచి రెండు పోగులు లాగి, ఇంటికెళ్ళాక వెలిగించు. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. బెజవాడ ఎండల్లో ఈ తేడా నీ ఒంటికే తెలుస్తుంది.

మంగళగిరి నీకు బస్సు దూరంలోనే ఉంది. పానకాల స్వామి దర్శనం చేసుకుని నేతగాళ్ళ ఇళ్ళవైపు నడువు. మంగళగిరి గుడ్డ అందం దాని సాదాతనంలో ఉంది. మధ్యలో పువ్వులూ బుటాలూ ఏమీ ఉండవు, రంగూ అంచూ మాత్రమే మాట్లాడతాయి. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. డ్రెస్ గుడ్డ మీటర్ల లెక్కన ఇస్తారు. అంచుని అందరిలాగా కింద పెట్టించకుండా మెడ పట్టీకో చేతి చివరకో వేయించు, ఒకే తానులో కోసిన గుడ్డ కూడా నీదిగా కనిపిస్తుంది. మరమగ్గం గుడ్డని చేనేత పేరుతో అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త. మగ్గం మీద గుడ్డని బిగువుగా పట్టి ఉంచడానికి రెండు అంచుల్నీ సూదులతో పట్టిస్తారు, ఆ సన్నటి రంధ్రాలు చాలాసార్లు అంచు పొడవునా కనిపిస్తాయి. చేనేత గుర్తు ఉన్న చీటీ కూడా అడుగు.

చేనేత బట్టలమ్మే ఆప్కో కొట్టుకి రిబేటు ఉన్నప్పుడు వెళ్ళు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, ఆ రోజుల్లో కనుక్కుంటూ ఉండు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి శ్రావణం సరుకు వచ్చేలోగా పాతది ఖాళీ చేసుకోవాలని పెద్ద కొట్లన్నీ తగ్గింపులు పెడతాయి. అప్పుడు కూడా పాత ధర కాగితం చూడకు, గుడ్డని చూడు.

గుడ్డ ఎంత బాగున్నా దర్జీ మంచివాడు కాకపోతే పాడవుతుంది. నువ్వుండే హాస్టల్ దగ్గర ఒకరిని చూసుకుని, ముందు ఖరీదు తక్కువ గుడ్డతో ఒక్కటి కుట్టించు. కొలతలు తీయించుకోవడంతో పాటు నీకు బాగా నప్పిన పాత కుర్తా ఒకటి ఆదిగా ఇవ్వు. నూలు గుడ్డని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి గానీ ఇవ్వకు, లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది. లోపల అంగుళం గుడ్డ వదలమను, జేబు పెట్టమను. దసరాకీ సంక్రాంతికీ ముందు ఇవ్వకు, పని మీద పని పడి ఎవరికీ శ్రద్ధ ఉండదు.

మీ అమ్మ బీరువాలో పాత వెంకటగిరి చీరలున్నాయి, అడుగు. మడతల దగ్గర చిరగకుండా ఉన్నదైతే లైనింగ్ వేసి మంచి కుర్తా అవుతుంది.

బేరం గురించి ఒక మాట. రోడ్డు మీద చెప్పిన ధరకే ఎవరూ కొనరు, అమ్మేవాళ్ళూ అది లెక్కేసుకునే చెబుతారు. అక్కడ నవ్వుతూ అడుగు, కుదరకపోతే కోపం లేకుండా నడిచిపో. నేతగాడి ఇంటి గుమ్మంలో మాత్రం అలా చెయ్యకు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి రోజంతా కూర్చుంటే వచ్చేది కొన్ని గజాలే. వాళ్ళు చెప్పింది నీకు ఎక్కువనిపిస్తే మీటరు తక్కువ తీసుకో, లేదా ఒక నెల ఆగి వెళ్ళు. వాళ్ళ కూలిలోంచి తగ్గించి నువ్వు స్టైల్‌గా కనిపించడం నాకు ఇష్టం లేదు.

మంగళగిరి వెళ్ళే రోజు నాకొక ఫోన్ చెయ్యి. ముదురు పసుపు మీద ఆకుపచ్చ అంచు దొరికితే నాక్కూడా రెండున్నర మీటర్లు తీసుకో, డబ్బు పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య