గులాబితోట నేర్పు పాఠము

మేము చిత్తూరునుండి బెంగుళూరునకు బోవుచు మొగిలి ఘాటు నెక్కితిమి. పలమనేరు చేరునప్పటికి గాలి చల్లబడెను. పలమనేరు, కుప్పము ప్రాంతముల రైతులు గులాబిని సాగుచేయుటకు ఆ మెట్టసీమ చల్లదనము తోడ్పడుచున్నది. అంగళ్లలో తూకమున కమ్మబడు ఆ పువ్వు ఉద్యానమున నెట్లుండునో చూడగోరి లాల్‌బాగు తోటకు బోయితిమి.

ఈ తోటను 1760లో హైదరాలీ నాటింప నారంభించెను. టిప్పు సుల్తాను దూరదేశముల మొక్కలను దెప్పించి దానిని పెంపొందించెను. 1856లో నది ప్రభుత్వోద్యానమయ్యెను. ఆంగ్లేయ పద్ధతి దీనికి పిమ్మట నబ్బినది. లండను నగరపు స్ఫటికసౌధమును బోలిన అద్దాల మేడకు 1889లో పునాది పడెను. 240 ఎకరముల యీ వనమున పచ్చిక బయళ్లు, గులాబి మళ్లు, దక్షిణ భాగమున విశాలమైన చెరువు గలవు.

గులాబిని జూచి, ఇది దొరల పువ్వని మాలో నొకరనిరి. అది పొరపాటు. పూర్వము ఐరోపా గులాబులలో చాలవఱకు ఏటికొక్కమాఱే పూచెడివి. పదునెనిమిదవ శతాబ్ది చివర చీనా గులాబులు అచటికి జేరి, రెండు జాతులకును సాంకర్యము గలిగిన పిమ్మటనే పలుమాఱులు పూచు నేటి జాతులు బయలుదేఱినవి. 1867లో ఫ్రాన్సు దేశమున గీయో యను తోటకారుడు వెలయించిన ‘లా ఫ్రాన్స్’ అట్టి వానిలో ప్రసిద్ధము. తూర్పు పడమరలు కలియకున్నచో ఈ యందము లేదు.

అంటుకట్టు విధము సయితము గమనింపదగినది. బలమైన మోటు గులాబి కాండపు బెరడున గాటుపెట్టి, మేలుజాతి కన్నును అందిమిడ్చి కట్టుదురు. కన్ను అతుకుకొని చిగిర్చిన పిదప పైకొమ్మను గోసివేయుదురు. పువ్వు నందఱును మెచ్చుకొందురు. మన్నులో నీరు వెదకి తెచ్చు వేరును దలచువా రరుదు.

చెరువుగట్టున గూర్చుండి చూచితిమి. కూలివాని బిడ్డలును ధనికుని బిడ్డలును ఒకే పచ్చికపై నాడుచుండిరి. ఎవరి కులము నెవరును అడుగలేదు. అపుడు మా యూరి చెరువు జ్ఞప్తికి వచ్చెను. మా బాల్యమున అందు కొందఱికి రేవు వేఱుగా నుండెను. చెరువు త్రవ్విన చేతులకే దాని నీటిని ముట్టు హక్కు లేకుండెను. మేమును నాడు దానిని తప్పని యెఱుగకుంటిమి. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము, ప్రజోపయోగమునకై యున్న బావులు, చెరువులు, స్నానఘట్టములు, రహదారులు కులమతభేదముచే నెవరికిని నిషేధింపరాదని 15వ అధికరణమున శాసించినది. శాసనము ద్వారమును దెఱచును. లోనికి రమ్మని పిలువవలసినవారము మనము.

చదువరులారా! మన చెరువుగట్టున నాలుగు గులాబి మళ్లు వేయుట కష్టము గాదు. ఎండ తగులు చోట మన్ను ఎత్తుగా బోసి, నీరు నిలువనీయక, ఎండుకొమ్మలను కత్తిరించుచుండిన చాలును. కాని ముందుగా ఆ గట్టు మీది త్రోవ యందఱిది కావలెను. అది కాని యెడల మనము నాటినది తోట గాదు, కంచె.