క్లచ్ – దాని పోషణ, మార్పిడి

మోటారు వాహనాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా ఇంజనుతో ప్రారంభిస్తారు. ఇంజనుకూ గేర్ బాక్సుకూ నడుమ నిలిచి, వలసినప్పుడు ఆ రెంటినీ కలుపుతూ, వలసినప్పుడు విడదీస్తూ ఉండే క్లచ్‌ను మనం తలచుకునేది అది చెడినప్పుడే. మేమూ అట్లే తలచుకొన్నాము.

కొన్నేళ్ళ క్రితం పాత మారుతి 800లో నలుగురము హైదరాబాదు నుండి శ్రీశైలం బయలుదేరాము. నల్లమల అడవి దాటి, కృష్ణ వద్దకు దిగి, మరల పైకెక్కే ఘాట్ మార్గంలో ఇంజను మోత పెరిగింది గాని బండి వేగం పెరుగలేదు. కాలిన వాసన వేసింది. వెనుక ఒక బస్సు హారను మ్రోగిస్తుండగా బండి నడకవేగానికి దిగి, చివరకు నిలిచిపోయింది. చక్రాల క్రింద రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి కూర్చున్నాము. అంతకు రెండు నెలల ముందునుండే టాప్ గేరులో ఆక్సిలరేటరు తొక్కితే మోత ముందు, వేగం వెనుక వస్తుండేది. దానిని మేము పట్టించుకొనలేదు.

క్లచ్ పని చేసే తీరు కష్టమైనది కాదు. ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీలు. దానికి బోల్టులతో బిగించి ఉండేది ప్రెషర్ ప్లేటు. ఈ రెంటి మధ్య ఇరుప్రక్కల లైనింగు గల క్లచ్ ప్లేటు ఉంటుంది. దాని నడిమి రంధ్రంలోని పళ్ళు గేర్ బాక్సు షాఫ్టు పళ్ళతో కలిసి ఉంటాయి. పెడలు వదిలి ఉన్నంతసేపు డయాఫ్రమ్ స్ప్రింగు ఈ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టుతుంది. పెడలు తొక్కగానే కేబులు ఫోర్కును లాగుతుంది, ఫోర్కు రిలీజ్ బేరింగును నెట్టుతుంది, బేరింగు స్ప్రింగు కొనలను నొక్కుతుంది, పట్టు విడిపోతుంది. అనగా మన కాలు చేసేది విడదీయడమే, కలపడం స్ప్రింగు పని. ఈ ఒక్క విషయం మనస్సులో నిలిస్తే తక్కిన లోపాలన్నీ తమంతట తామే బోధపడతాయి.

పోషణలో మొదటిది పెడలు ఆట. పెడలును చేతితో నొక్కినప్పుడు బరువు తగలక మునుపు కొంత దూరం తేలికగా కదలాలి. మారుతి 800 వంటి బండ్లలో ఇది సుమారు 15 నుండి 25 మిల్లీమీటర్లు; సరియైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో చూచుకోవాలి. లైనింగు అరిగినకొద్దీ ఈ ఆట తగ్గుతుంది. ఆట లేకపోతే బేరింగు ఎల్లప్పుడూ స్ప్రింగుకు ఆని ఉండి, పట్టు పూర్తిగా కుదరక ప్లేటు జారుతుంది, కాలుతుంది. ఆట మితిమీరితే పట్టు పూర్తిగా విడువక, గేరు మార్చినప్పుడు, ముఖ్యంగా రివర్సు వేసినప్పుడు, కరకరమంటుంది. కేబులు చివర నట్టు త్రిప్పి దీనిని సవరించడం పావుగంట పని. కేబులుకు బదులు హైడ్రాలిక్ ఏర్పాటు గల బండ్లలో ద్రవం మట్టం చూడాలి; పెడలు మెత్తగా దిగిపోతుంటే గొట్టంలో గాలి చేరినదనో, ద్రవం కారుతున్నదనో అనుమానించాలి.

రెండవది కాలి అలవాటు. నడుపుతూ పెడలుపై పాదం ఆనించి ఉంచేవారు, ఎత్తుపై సిగ్నలు వద్ద హ్యాండ్ బ్రేకు వేయక హాఫ్ క్లచ్‌తో బండిని నిలిపేవారు తమ ప్లేటును తామే అరగదీస్తున్నారు.

లోపాన్ని గుర్తించడానికి ఒక పరీక్ష ఉన్నది. ముందు ఖాళీ స్థలం చూచుకొని, చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, మూడవ గేరులో కొద్దిగా ఆక్సిలరేటరు ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే పట్టు ఉన్నట్లే; ఆగక తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నది. పదే పదే చేయరాదు, పరీక్షే ప్లేటును కాల్చుతుంది. పెడలు తొక్కినప్పుడు మాత్రమే చప్పుడు వస్తే రిలీజ్ బేరింగు అరిగినదని, తొక్కగానే ఆగిపోయే చప్పుడైతే గేర్ బాక్సు షాఫ్టు బేరింగుదని ఊహించవచ్చును.

ఇక మార్పిడి. మన షెడ్లలో ఉస్తాదు, షాగిర్దు, పానా, పేచ్‌కస్ అనే మాటలతోనే ఈ విద్య నడుస్తున్నది. ఉర్దూ, తెలుగు ఒకే నూనెచేతులతో కలిసే చోటు అది. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, బండిని జాకీతో ఎత్తి, స్టాండులపై నిలపాలి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రింద దూరడం ప్రాణాపాయం. గేర్ బాక్సు నూనె తీసి, స్టార్టరు, కేబుళ్ళు, గేరు కడ్డీలు, డ్రైవ్ షాఫ్టులు విప్పి, ఇంజను క్రింద చెక్కదిమ్మ పెట్టి ఆనించి, గేర్ బాక్సును ఇంజను నుండి తిన్నగా ఇవతలకు లాగాలి. దాని బరువు షాఫ్టుపై వ్రేలాడితే షాఫ్టు గాని ప్లేటు గాని దెబ్బతినవచ్చును. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెముగా వదులు చేయాలి.

లోపలి ధూళిని గాలితో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండేది, అది ఊపిరితిత్తులకు హానికరము. తడిగుడ్డతో తుడవాలి. రివిట్ల తలలు లైనింగు ఉపరితలానికి అర మిల్లీమీటరు లోపే ఉంటే ప్లేటు ఆయువు తీరినట్లే. ఫ్లైవీలుపై నీలిమచ్చలు, పగుళ్ళు, గాళ్ళు ఉన్నవేమో చూడాలి.

ఇక్కడే మేము పొరపడినాము. ఘాట్ రోడ్డు నుండి తిరిగివచ్చాక, సొమ్ము మిగులుతుందని ప్లేటు ఒక్కటే మార్పించాము. షెడ్డువాడు ప్రెషర్ ప్లేటు, బేరింగు కూడా మార్చమన్నాడు. చవకకు ఆశపడినది మేమే. నాలుగు నెలలకు బండి కదిలేటప్పుడు వణకసాగింది. మరల విప్పి చూస్తే ఇంజను వెనుకవైపు సీలు కారి, కొత్త ప్లేటు నూనెతో తడిసి ఉన్నది. సీలు వెల అతి స్వల్పము. దానికై గేర్ బాక్సు దింపిన కూలి మాత్రం రెండుసార్లు ఇచ్చుకొన్నాము. ఈసారి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు, సీలు అన్నియు ఒకేసారి మార్పించాము.

కొత్త ప్లేటుకు ఏ ముఖం ఫ్లైవీలు వైపో చూచి, పాత షాఫ్టు ముక్కను గాని అందుకై ఉన్న కడ్డీని గాని దూర్చి ప్లేటును నడిమికి తెచ్చిన పిమ్మటనే బోల్టులు బిగించాలి. లేనిచో గేర్ బాక్సు ఎంత నెట్టినా కూర్చుండదు. కోపంతో బోల్టులతో లాగితే విరుగుతుంది. షాఫ్టు పళ్ళకు గ్రీజు చుక్కంతే. లైనింగుకు నూనెచేయి సోకరాదు. అంతా బిగించాక గేర్ బాక్సులో నూనె పోసి, పెడలు ఆట మరల కొలిచి, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయక, ఎత్తులపై తొందరపెట్టక నడపాలి. ఆ తరువాత ఆటను ఇంకొకసారి చూచుకోవాలి.