జాతర విడిదిలో త్రాగునీరు

రెండేండ్ల కొకమారు మాఘమాసమున సమ్మక్క-సారలమ్మల జాతరకై లక్షలాది జనులు మేడారము చేరి, గుడారములు వేసికొని మకాము చేయుదురు. వారికి మేము చేయు మనవి ఒక్కటే: జంపన్నవాగు స్నానమునకు పుణ్యతీర్థమే, కాని వాగునీటిని అట్లే త్రాగరాదు.

తేటనీటిలో సైతము అమీబా, జియార్డియా వంటి పరాన్నజీవు లుండవచ్చును. మలము ద్వారా నీటిని చేరు ఈ జీవులు, గట్టి పొర గల కోశములుగా మారి, చన్నీట వారముల తరబడి బ్రతుకును. త్రాగినవారికి కడుపునొప్పి, విరేచనములు కలుగును.

గుడ్డతో వడపోసిన చాలదా? నారికురుపునకు కారణమైన నీటిపురుగులను గుడ్డ ఆపగలిగెను. ఆ వ్యాధి మన దేశమున 1996లో కడసారి కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును దాని నుండి విముక్తమైనదిగా ప్రకటించెను. కాని జియార్డియా కోశము మిల్లీమీటరులో సుమారు నూరవవంతు మాత్రమే, గుడ్డకు చిక్కదు. క్లోరిన్ బిళ్ళ మేలుచేయును గాని, ఈ కోశములు దానికి సులభముగా లొంగవు.

కనుక నీరు కళపెళ కాగిన పిమ్మట మరియొక నిమిషము కాచి, చల్లార్చి, మూతపెట్టి, పొడవైన పిడిగల గరిటెతో ముంచుకొనవలెను. మలవిసర్జనకు మరుగుదొడ్లనే వాడవలెను. ఎగువ గుడారమువారు వాగున కలిపిన మలినమే దిగువ గుడారములోని పసిబిడ్డకు త్రాగునీ రగును గదా!