రొట్టెల బట్టీలో ఒక పాఠము

విద్యార్థులారా, మిఠాయి యంగడి యెదుట నిలిచినపుడు నోరూరుట యెల్లరకును సహజము. ఆ యంగడి చరిత్రమును చదువవలెనని తోచుట మాత్ర మరుదు. గత సంవత్సరము మా యెనిమిదవ తరగతిలో జరిగిన యొక చిన్న సంగతి మమ్ము ఆ చదువునకు పురికొల్పెను.

మధ్యాహ్న విరామమున ఒక బాలుడు రెండు పావులును, కొంచెము పప్పును తెచ్చుకొని తినుచుండెను. ప్రక్క బల్లవాడు నవ్వి, "అది మన తిండి కాదు, వీడు మనవాడును కాడు" అనెను. తక్కినవారును నవ్విరి. ఆ బాలుని కుటుంబము ఉత్తరప్రదేశమునుండి వచ్చి మౌలాలిలో నిలిచినది. తండ్రి యొక రొట్టెల బట్టీలో పనివాడు.

నవ్విన బాలునికంటె మా తప్పే పెద్దది. ఆ పిల్లవాడు మొదటి గంటలో కునుకుచుండుటయు, ఆలస్యముగా వచ్చుటయు చూచి, కారణ మడుగకయే పలుమారు వానిని నిలువబెట్టి యుంటిమి. ఆ దినమున అడిగితిమి. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, తండ్రితో కూడ టీ కొట్లకు పావులు చేర్చి, పిమ్మట బడికి వచ్చుచున్నానని వాడు తలవంచుకొని చెప్పెను. మే మేమియు పలుకలేకపోతిమి. ఆ వారముననే పదిమంది పిల్లలను వెంటబెట్టుకొని, వారి తలిదండ్రుల యనుమతితో, వాని తండ్రి పనిచేయు బట్టీకి వేకువనే పోతిమి. నవ్విన బాలుడును మాతో వచ్చెను.

బట్టీలో చూచినది

ఆ బట్టీ ఇటుకలతో కట్టిన గుమ్మటము. లోపల కట్టెలు మండించి, ఇటుకలు బాగుగా కాగిన తరువాత నిప్పులను ప్రక్కకు త్రోసివేయుదురు. రొట్టెను కాల్చునది మంట కాదు, ఇటుకలు దాచుకొన్న వేడిమి. పనివారు పొడవైన కొయ్యపారతో పళ్లెములను లోపలికి నెట్టుచు, వెలుపలికి లాగుచు నుండిరి. బయట చలిగా నుండినను వారి చొక్కాలు చెమటతో తడిసియుండెను.

మైదాపిండిలో నీరు, ఉప్పు, కొంచెము చక్కెర, ఈస్టు చేర్చి పిసికి, గుడ్డ కప్పి ఉంచుదురు. ఈస్టు ఒక సూక్ష్మజీవి. అది చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును, కొంచెము సారాయమును విడుచును. గోధుమపిండిని తడిపి పిసికినపుడు సాగెడు జిగట యేర్పడును. ఆ జిగట వాయువును బుడగలుగా పట్టియుంచుటచేత ముద్ద యుబ్బును. బట్టీలో సారాయము ఆవిరియై పోవును. బుడగలు మరింత పెరిగి, వాని చుట్టునున్న పిండి గట్టిపడి రొట్టె యగును. బియ్యపుపిండిలో ఈ జిగట లేదు. కావుననే మన తల్లులు దానితో అరిసెలు వండుదురుగాని పావులు చేయరు.

"తొందరపెట్టిన త్వరగా ఉబ్బునా?" అని ఒక పిల్లవా డడిగెను. బాలుని తండ్రి నవ్వి, "మనము తొందరపడినను పిండి తొందరపడదు, బాబూ. చలికాలమున ఎక్కువసేపు పట్టును. అందుకే మేము రాత్రియే వచ్చి కాచుకొని కూర్చుందుము" అని చెప్పెను. మీరు ఉదయము ఆరు గంటలకు మెత్తని రొట్టె తినుచున్నచో, మీకొరకు ఎవరో రాత్రియంతయు మేలుకొనిరని యర్థము.

పేర్లలోని చరిత్రము

అటనుండి బస్సులో నగరమునకు పోయి మొజంజాహీ మార్కెటు చేరితిమి. ఈ రాతికట్టడము 1935లో కట్టబడినది. కడపటి నిజాము రెండవ కుమారుని పేరు దీనికి పెట్టిరి. ఇచ్చటి యంగళ్లను చూచుట చరిత్ర పుస్తకమున పుటలు త్రిప్పుటవలె నుండును.

మన పాత వంటయింట పొయ్యి కలదుగాని, నలువైపుల వేడిమి క్రమ్మెడు బట్టీ లేదు. కావున మన మిఠాయిలు చాలవరకు నేతిలో వేగునవి, లేదా పాకమున ఉడుకునవి. ఆత్రేయపురపు పూతరేకులను చూడుడు. బోర్లించిన కుండక్రింద మంటపెట్టి, పలుచని బియ్యపుపిండిలో ముంచిన గుడ్డను ఆ కుండపై పరచి తీయుదురు. కాగితమువంటి పొర వచ్చును. బట్టీ లేని చోట పుట్టిన నేర్పు ఇది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది.

మరి బట్టీ రొట్టె మన నగరమున కెట్లు వచ్చెను? 1806లో సికందరు జా పేర సికింద్రాబాదు వెలసినది. హుస్సేనుసాగరమునకు ఉత్తరమున ఆంగ్ల సైన్యపు దండు నిలిచినది. ఆ సైనికులకు రొట్టె నిత్యాహారము. తరువాత ఇరానునుండి వచ్చినవారు, అనేకులు బొంబాయి మీదుగా, ఇచ్చట తేనీటి హోటళ్లు తెరచిరి. ఆ తేనీటితో తినుటకు కొంచెము తీపి, కొంచెము ఉప్పన గల ఉస్మానియా బిస్కత్తు ప్రసిద్ధి కెక్కెను. 1911 నుండి 1948 వరకు పాలించిన మీర్ ఉస్మాన్ అలీఖాను పేరు దానికి నిలిచినది. బిస్కత్తు అను మాటకు మూలార్థము "రెండుమార్లు కాల్చినది" అని.

మార్కెటు దగ్గరనే హమీదీ వారి యంగడి కలదు. తురుష్కదేశమునుండి వచ్చిన మహమ్మదు హుసేను దానిని స్థాపించెను. అచ్చటి జౌజీ హల్వాకు పేరు జాజికాయవలన వచ్చినది. ఆ సమీపమున కరాచీ బేకరీ కలదు. 1947లో దేశవిభజనముచేత సింధును విడిచివచ్చిన ఖాన్‌చంద్ రామ్నాణీ దానిని 1953లో స్థాపించెను. విడిచిన యూరిపేరును ఆయన తన యంగడికి పెట్టుకొనెను. 2019లో బెంగుళూరులోని శాఖయెదుట కొందరు గుమిగూడి ఆ పేరు తీసివేయుడని పట్టుబట్టగా, యజమానులు ఫలకముమీది ఆ మాటను కప్పవలసి వచ్చెను. ఇల్లు విడిచి పారివచ్చినవాని జ్ఞాపకమును శత్రువు గుర్తుగా తలచుట యెంత యన్యాయము!

వచ్చినవారందరు దూరదేశములవారు కారు. జి. పుల్లారెడ్డి 1948లో కర్నూలులో నేతిమిఠాయిల వ్యాపార మారంభించెను. పిమ్మట ఆ పేరు ఈ నగరమున ఇంటింట తెలిసినది.

మనవి యేవి?

పిల్లలు ఫలముల బిస్కత్తులు తినుచుండగా, నవ్విన బాలుడే ఒక ప్రశ్న వేసెను: "మాస్టరుగారూ, అన్నియు పరాయివారివే యైనచో మనది యేది?"

మంచి ప్రశ్నయే. ఈ ప్రశ్న మన యొక్కరిదే కాదు. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొనిరి; 1543లో జపాను చేరిరి. రొట్టెకు వారి మాటయే మనకు పావు, జపానువారికి పాన్ అయినది. నాగసాకి నగరమున నేటికిని ప్రసిద్ధమైన కాసుతేరా యను కేకు వారివలన వచ్చినదే. అయినను జపానువారు ఊరకుండలేదు. టోక్యోలోని గింజా వీథిలో కిమురా యను రొట్టెలవాడు 1874లో, తమ దేశపు మద్యమునకు వాడు పులుపుతో పిండిని ఉబ్బించి, లోపల తీపి చిక్కుడు ముద్ద పెట్టి అన్‌పాన్ చేసెను. మరుసటి సంవత్సరమున అది మెయిజీ చక్రవర్తికి సమర్పింపబడెను. పరదేశపు రొట్టె అట్లు వారి రొట్టె యయ్యెను. మన హైదరాబాదువారును అట్లే చేసిరి. దండువారి రొట్టెముక్కలను నేతిలో వేయించి, చక్కెరపాకమునను పాలలోను నానవేసి డబుల్ కా మీఠా చేసిరి.

ఇక ఇచ్చినది? ఆ యంగళ్లన్నిటిలోని తీపికి మూలము చక్కెర. చెరకురసమునుండి పలుకుల చక్కెర తీయుట మన దేశమువారు ప్రాచీనకాలముననే నేర్చిరి. మన శర్కర పారసీకమున షకర్ అయి, అరబ్బీలో సుక్కర్ అయి, ఆంగ్లమున షుగర్ అయినది. మన మొక చేత ఇచ్చితిమి, మరియొక చేత పుచ్చుకొంటిమి. మన యూరి కొండపేరును చూడుడు: మౌలా యనునది అరబ్బీ పదము. దానిని పరాయిదని విడిచినచో మన మే యూరివారమని చెప్పుకొందుము?

వానికి మే మిచ్చిన యుత్తర మిది. ఎచ్చటినుండి వచ్చినదను దానినిబట్టి ఒక వస్తువు మనది కాదు, పరాయిదియు కాదు. ఇచ్చటి నీటితో తడిపి, ఇచ్చటి నిప్పుపై కాల్చి, ఇచ్చటివారి ఆకలి తీర్చినది మనదే. మనుష్యులవిషయమునను అంతే.

ఆ దినమునుండి వారిద్దరును ప్రాణస్నేహితులైరని వ్రాయుట కింపుగానే యుండును గాని అట్లు జరుగలేదు. నవ్వులు మాత్రము నిలిచిపోయినవి. తరగతి యెదుట మే మా బాలునికి క్షమాపణ చెప్పుకొంటిమి. బడిదినములలో పావులు చేర్చుపనిని వాని పెద్దన్న తీసికొనెను. ఒక నెల గడచిన పిమ్మట విరామమున వరండాలో పోవుచు, నవ్విన బాలుడు "సగము పావు నాకీయవా?" అని వాని నడుగుట వింటిమి. వాడు ఒకటి తీసి పూర్తిగా ఇచ్చివేసెను.

అభ్యాసము

1. బియ్యపుపిండి ముద్ద గోధుమపిండి ముద్దవలె ఏల ఉబ్బదు?
2. మీ యింట పండుగకు వండు ఒక పిండివంటలోని ప్రతి వస్తువు ఎచ్చటినుండి వచ్చినదో మీ తల్లినడిగి వ్రాయుడు.
3. మీ వీథిలోని రొట్టెల కొట్టునకు ఒక ఉదయమున పోయి, అచ్చట పనిచేయువారు ఏ జామున లేతురో వినయముతో అడిగి తెలిసికొనుడు.